జాగ్రత్త: స్టోర్ పేజీలో కనిపించే ఆ 86 స్కోర్ మీరు కొనే గేమ్‌ది కాకపోవచ్చు

స్కోర్ చూసి గేమ్ కొన్నవాళ్ళు దెబ్బతినేది రివ్యూ రాసినవాళ్ళు అబద్ధం చెప్పడం వల్ల కాదు. చాలాసార్లు వాళ్ళు రాసింది నిజమే. వాళ్ళు ఆడినది ఒకటి, మీ చేతికొచ్చేది ఇంకొకటి, అక్కడే ఉంది తిరకాసు. మెషిన్ వేరు, ప్యాచ్ (విడుదలయ్యాక గేమ్‌లో చేసే మార్పు) వేరు, ఒక్కోసారి గేమ్ లోపలి షాపు కూడా వేరు. ప్రకటనలో మాత్రం ఒకే అంకె.

అందరికీ తెలిసిన ఉదాహరణ సైబర్‌పంక్ 2077. విడుదల 2020 డిసెంబర్ 10న. రివ్యూలు బయటికొచ్చింది డిసెంబర్ 7న. క్రిటిక్స్‌కు ముందుగా పంపినవన్నీ పీసీ కాపీలే. పైగా తాము ఆడిన వీడియో వాడకూడదు, కంపెనీ ఇచ్చిన క్లిప్పులే చూపించాలని షరతు. ప్రీ-ఆర్డర్ పెట్టుకున్న పీఎస్4 (సోనీ ప్లేస్టేషన్ 4 కన్సోల్) యజమానికి విడుదల రోజు దాకా తన కన్సోల్‌లో గేమ్ ఎలా నడుస్తుందో చూసే దారే లేదు. మెటాక్రిటిక్ అనే సైట్ క్రిటిక్స్ స్కోర్లన్నీ కలిపి 100కి ఒక అంకె ఇస్తుంది, దాన్నే మెటాస్కోర్ అంటారు. ఈ రోజుకీ పీసీ మెటాస్కోర్ 86, పీఎస్4ది 57. డిసెంబర్ 18న సోనీ దాన్ని తన స్టోర్ నుంచే తీసేసింది, మళ్ళీ పెట్టింది 2021 జూన్ 21న. 86 చూసి పీఎస్4 డిస్కు కొన్నవాళ్ళు నిజానికి కొన్నది 57ని.

బ్యాట్‌మన్ ఆర్కమ్ నైట్‌ది దీనికి తిరగేసిన కథ. 2015 జూన్ 23న వచ్చినప్పుడు మంచి స్కోర్లన్నీ కన్సోల్ మీద ఆడి ఇచ్చినవి. పీసీ వెర్షన్‌ని సెకనుకు 30 ఫ్రేముల దగ్గర బిగించేశారు, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డుల మీద కూడా ఆగి ఆగి నడిచింది. మర్నాడే అమ్మకాలు ఆపేశారు, అక్టోబర్ 28 దాకా మళ్ళీ మొదలుపెట్టలేదు.

కాబట్టి స్కోర్ పేజీ తెరవగానే ముందు మీ ప్లాట్‌ఫామ్ ఎంచుకోండి. మెటాక్రిటిక్ ఒక్కో ప్లాట్‌ఫామ్‌కి విడిగా మెటాస్కోర్ ఇస్తుంది, కానీ వెతుకులాటలో ముందు కనిపించేది ఎక్కువ రివ్యూలు వచ్చిన వెర్షన్‌దే కావచ్చు. మీ వెర్షన్ కింద అంకె లేకపోయినా అది సమాచారమే. కనీసం 4 రివ్యూలు లేనిదే అక్కడ మెటాస్కోర్ వేయరు. పేరున్న పెద్ద గేమ్‌కి విడుదల రోజున మీ కన్సోల్ గడి ఖాళీగా ఉందంటే కాపీలు ఎవరికీ అందలేదనే అనుకోండి. ఆ రోజుకి కొనడం వాయిదా వేయండి.

ఇక ఆ అంకె తయారయ్యే తీరు. మెటాస్కోర్ మామూలు సగటు కాదు. ఏ పత్రిక మాటకి ఎంత బరువు ఇవ్వాలో వాళ్ళే నిర్ణయిస్తారు, ఆ లెక్క బయట పెట్టరు. అక్షరాల గ్రేడ్లను అంకెల్లోకి మార్చే పద్ధతి ఇంకా విచిత్రం. ఎ అంటే 100, బి అంటే 75, బి-మైనస్ అంటే 67. ‘బాగానే ఉంది, చిన్న చిన్న లోపాలున్నాయి’ అన్న అర్థంలో బి-మైనస్ ఇచ్చిన విమర్శకుడి మాట సగటులోకి 67గా వెళ్తుంది. అక్కడ 75 నుంచి పచ్చ, 50 నుంచి 74 దాకా పసుపు, అంతకు కింద ఎరుపు. అంటే బి అంటే పచ్చ, బి-మైనస్ అంటే పసుపు. స్కోర్ లేకుండా రాసే పత్రికల రివ్యూలు లెక్కలోకే రావు. ‘రివ్యూ ఇంకా పూర్తి కాలేదు’ అని పెట్టినవి కూడా తుది స్కోర్ పడేదాకా రావు. ఆన్‌లైన్ గేములకి ఓపికగా రాసేవాళ్ళు సర్వర్లు తెరిచాక కొన్ని రోజులు ఆడి గానీ స్కోర్ ఇవ్వరు. మొదటి రోజు సగటులో మిగిలేది తొందరపడ్డవాళ్ళ మాటే.

పోనీ తర్వాత మనసు మార్చుకుంటే? 2013 మార్చిలో వచ్చిన సిమ్‌సిటీకి పాలిగాన్ పత్రిక ముందు 9.5 ఇచ్చింది. ఎప్పుడూ ఆన్‌లైన్‌లో ఉండాల్సిన గేమ్ అది. విడుదలయ్యాక సర్వర్లు కుప్పకూలితే స్కోర్‌ని 8కి, అక్కడి నుంచి 4కి దించి, చివరికి 6.5 దగ్గర ఆపింది. అంత నిజాయితీగా దిద్దుకున్నా, మెటాక్రిటిక్ నియమం ప్రకారం సగటులోకి వెళ్ళేది మొదట వేసిన స్కోరే. ఓపెన్‌క్రిటిక్ అనే ఇంకో సైట్‌లో ఈ బరువుల గొడవ లేదు, టాప్ క్రిటిక్స్ స్కోర్ల సగటు చెబుతుంది. దాని పక్కనే ఎంత శాతం మంది ఆడమని సిఫారసు చేశారో కూడా ఉంటుంది. ఆ రెండో అంకే ఎక్కువ పనికొస్తుంది.

సగటు కంటే చెదురు ముఖ్యం. అందరూ 70కి అటూ ఇటూ ఇస్తే వచ్చిన 72 వేరు. సగం మంది 94, సగం మంది 50 ఇస్తే వచ్చే 72 వేరు. మొదటిది ఎవరికైనా కాలక్షేపం. రెండోది కొందరికి ప్రాణం, మిగతావాళ్ళకి పంటికింద రాయి. అందుకే పై నుంచి చదవకండి. అట్టడుగు రివ్యూ ఒకటి, సరిగ్గా మధ్యలోది ఒకటి తెరిచి పూర్తిగా చదవండి. ‘తప్పక ఆడాలి’ లాంటి ఒక వాక్యపు తీర్పులు వదిలేయండి. ప్రకటనల్లోకి కత్తిరించి అతికించేది వాటినే. రివ్యూ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే వాక్యం వెతకండి: ఏ మెషిన్ మీద ఆడారు, కాపీ ఎవరిచ్చారు, ఎన్ని గంటలు ఆడారు. అది రాయని రివ్యూకి విలువ సగానికి తగ్గించుకోవచ్చు.

రివ్యూలు అయిపోయాక జరిగే మార్పులే అన్నిటికంటే చేదు. క్రాష్ టీమ్ రేసింగ్ నైట్రో-ఫ్యూయెల్డ్ 2019 జూన్ 21న వచ్చింది, రివ్యూలూ అప్పుడే వచ్చాయి. గేమ్‌లో వాడే నాణేలను అసలు డబ్బుతో అమ్మడం ఆగస్టులో మొదలుపెట్టారు. ఆ షాపు గురించి జూన్ రివ్యూలో ఎవరు రాస్తారు? గ్రాన్ టురిస్మో 7కి క్రిటిక్స్ మెటాస్కోర్ 87. విడుదల 2022 మార్చి 4. మార్చి 17 ప్యాచ్‌తో చాలా రేసుల బహుమతి క్రెడిట్లకు (గేమ్ లోపలి డబ్బుకు) కోత పడింది. దాంతోపాటు సర్వర్లు 30 గంటలకు పైగా మూతబడ్డాయి. ఒంటరిగా ఆడే భాగానికి కూడా ఆన్‌లైన్ కావాల్సిన గేమ్ కాబట్టి డిస్కు ఉన్నవాళ్ళు కూడా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారు. తర్వాత తలా 10 లక్షల క్రెడిట్లు ఇచ్చారు, ఏప్రిల్‌లో బహుమతులు పెంచారు. స్కోర్ 87 అలాగే ఉంది, ఈ రెండు నెలల్లో ఏ వారం కొన్నారన్నదాన్ని బట్టి ఆట మాత్రం మూడు రకాలు.

రీమాస్టర్ల (మెరుగులు దిద్ది మళ్ళీ అమ్మే పాత గేముల) దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అమ్మే పేజీలో పాత గేమ్ కీర్తి అంతా కొత్తదాని మెడలో వేస్తారు. జీటీఏ 3కి పీఎస్2 మీద 97, అదే వరుసలోని వైస్ సిటీకి 95, శాన్ ఆండ్రియాస్‌కి 95. ఆ మూడింటినీ కలిపి 2021 నవంబర్ 11న తెచ్చిన డెఫినిటివ్ ఎడిషన్ వచ్చిన కొత్తలో ఎలా ఉండేదో చూడండి. వాన పడితే మందపాటి తెల్లటి గీతలు తెర నిండా దిగి రోడ్డు కనిపించేది కాదు. శాన్ ఆండ్రియాస్‌లో డోనట్ల దుకాణం మీద పెద్ద ఇనప నట్టు బొమ్మ ఉంటుంది. దుకాణం పేరే ‘టఫ్ నట్’, అందులోని చమత్కారమంతా ఆరు పలకల నట్టులోనే ఉంది. బొమ్మలు నునుపు చేసే క్రమంలో అంచులు అరిగిపోయి అది గుండ్రటి రింగు అయి కూర్చుంది. జోకు అర్థమైనవాళ్ళెవరూ దగ్గరుండి చూడలేదని ఆ ఒక్క బొమ్మే చెప్పేస్తుంది. కొద్ది రోజులకే కంపెనీ క్షమాపణ చెప్పింది, పాత వెర్షన్లను పీసీలో మళ్ళీ అమ్మకానికి పెడతామంది. వార్‌క్రాఫ్ట్ 3 సంగతీ అంతే. అసలుది 92, 2020 జనవరిలో వచ్చిన రీఫోర్జ్‌డ్ 59. స్కోర్ కింద ఉన్న సంవత్సరం చూడకుండా కొనకండి.

నింటెండో స్విచ్ కన్సోల్‌లో కొన్ని గేముల పేరు చివర ‘క్లౌడ్ వెర్షన్’ అని ఉంటుంది. కంట్రోల్, హిట్‌మన్ 3 అలాంటివే. గేమ్ మీ కన్సోల్‌లో నడవదు, ఎక్కడో సర్వర్‌లో నడుస్తుంటే మీరు వీడియో చూస్తూ బటన్లు నొక్కుతారు. వేరే ప్లాట్‌ఫామ్ స్కోర్‌కీ దీనికీ సంబంధం లేదు. కొనేముందు కొద్ది నిమిషాలు ఉచితంగా పరీక్షించుకునే వీలు ఇలాంటి వాటికి ఇస్తారు. మీ ఇంటి నెట్ మీద, మీరు మామూలుగా ఆడే సమయంలో పరీక్షించండి.

ఇక ఆటగాళ్ళ స్కోర్లు. వీటిని గుడ్డిగా నమ్మకండి, కొట్టిపారేయకండి. పీసీ గేములు అమ్మే స్టీమ్ స్టోర్‌లో శాతం అంటే మార్కులు కావు, బొటనవేలు పైకెత్తినవాళ్ళ శాతం. 70 నుంచి 79 మధ్య ఉంటే ‘మోస్ట్‌లీ పాజిటివ్’ అంటుంది. వినడానికి బాగుంటుంది గానీ ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు వద్దన్నారని అర్థం. 40 నుంచి 69 అయితే ‘మిక్స్‌డ్’. మొత్తం రివ్యూల పక్కనే ఇటీవలివి విడిగా ఉంటాయి, ముందు అవే చూడండి. 2025 ఫిబ్రవరి 28న వచ్చిన మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్‌కి క్రిటిక్స్ 90కి అటూ ఇటూ ఇచ్చారు. అదే రోజు స్టీమ్‌లో పడిన ముద్ర ‘మిక్స్‌డ్’, కారణం పీసీలో ఫ్రేముల బాధ. అలాగని కోపమంతా గేమ్ మీదే ఉండదు. 2024 మేలో హెల్‌డైవర్స్ 2 మీద రెండు లక్షలకు పైగా నెగెటివ్ రివ్యూలు పడ్డాయి, అది సోనీ అకౌంట్ తప్పనిసరి అన్నందుకు. సోనీ వెనక్కి తగ్గింది. కాబట్టి గ్రాఫ్‌లో గుంట కనిపిస్తే ఆ రోజుల మీద మౌస్‌తో లాగి ఎంచుకుని కారణం చదవండి. ఒక్కో రివ్యూ పక్కన రాసే సమయానికి ఎన్ని గంటలు ఆడారో ఉంటుంది. 0.4 గంటల తిట్టు ‘నా పీసీలో తెరుచుకోలేదు’ అయితే పనికొస్తుంది, ‘కథ బాలేదు’ అయితే పనికిరాదు.

చివరి రక్షణ రిఫండ్. దాని మెలికలు ముందే తెలిసుండాలి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే అడిగినంతనే ఇస్తారు. ఖరీదైన ఎడిషన్‌తో ముందుగా ఆడనిచ్చే రోజులు కూడా ఆ 2 గంటల్లోకి వస్తాయి, 2024 ఏప్రిల్‌లో దీన్ని స్పష్టం చేశారు. ప్లేస్టేషన్ స్టోర్‌లో డౌన్‌లోడ్ మొదలుపెట్టారంటే, గేమ్‌లో లోపముంటే తప్ప రిఫండ్ మాట మరిచిపోవచ్చు. ప్రీ-ఆర్డర్ చేసినవి వాటంతటవే డౌన్‌లోడ్ అయిపోతాయి, సెట్టింగ్స్‌లో దాన్ని ముందే ఆపేయండి.

స్టీమ్ గడియారం గేమ్ తెరిచి ఉన్నంతసేపూ తిరుగుతుంది, మీరు ఆడుతున్నారా లేదా దానికి అనవసరం. ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీలో 2023 మార్చి 28న వచ్చినప్పుడు మెనూలోనే షేడర్లు (వెలుగునీడలూ రంగులూ గీసే చిన్న ప్రోగ్రాములు) తయారవడానికి చాలామందికి బోలెడు సమయం పట్టింది. రిఫండ్ గడువు ఆ ఎదురుచూపులోనే కరిగిపోయింది. అందుకని మొదట తెరిచినప్పుడు వరుస ఇలా పెట్టుకోండి. ముందు గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేసుకోండి. షేడర్లు పూర్తయ్యాక గేమ్‌లో బెంచ్‌మార్క్ (మీ పీసీ వేగం కొలిచే పరీక్ష) ఉంటే ఒకసారి నడపండి. సగటు ఫ్రేములు కాదు, 1 శాతం కనిష్ఠం, అంటే గేమ్ మరీ నెమ్మదించిన క్షణాల్లో సెకనుకు ఎన్ని ఫ్రేములో, అది చూడండి. సగటు 80 ఉండి కనిష్ఠం 20 ఉంటే చేతికి తగిలేది ఆ 20యే. వీడియో మెమరీ గీత మీ కార్డు హద్దు దాటుతుంటే టెక్స్చర్ల (వస్తువుల మీద అతికే బొమ్మల) నాణ్యత ఒక మెట్టు దించి మళ్ళీ నడపండి. సబ్‌టైటిల్స్ సైజు, బటన్లు మార్చుకునే వీలు రెండు నిమిషాల్లో తేలిపోతాయి. ముఖం చెక్కుకునే స్క్రీన్‌లో ఇరుక్కోకండి, దొరికిన ముఖంతో లోపలికి వెళ్ళండి. బహిరంగ ప్రదేశంలో పరుగెత్తండి, కెమెరా వేగంగా తిప్పండి, సేవ్ చేసి బయటికొచ్చి మళ్ళీ తెరవండి. ఫోన్‌లో అలారం 90వ నిమిషానికి పెట్టుకోండి. అది మోగేసరికి ఇంకా సెట్టింగ్స్‌లోనే కుస్తీ పడుతుంటే గేమ్ మూసేసి రిఫండ్ పేజీ తెరవండి.