తెలుగు లిపిలో ఇటాలియన్ కోర్సు కొనేముందు కండిషనల్ పాఠం విని చూడండి

ఇటలీకి చదువుకో ఉద్యోగానికో బయల్దేరేవాళ్లు దయచేసి ఇది చదవండి. తెలుగు లిపిలో ఇటాలియన్ నేర్పుతామంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక కోర్సు, పీడీఎఫ్, ఆడియో కలిపి, 1,499 రూపాయలు పెట్టి కొన్నాను. పలకరింపులు, అంకెలు బాగానే ఉన్నాయి. 18వ పాఠం కండిషనల్, అంటే "వీలైతే చేస్తాం", "చేయాలనుకుంటున్నామండీ" లాంటి మాటలకి వాడే క్రియారూపం. అక్కడే మోసపోయాను.

ఇటలీలోని పడోవా ఊళ్లో నేనూ నా స్నేహితురాలూ అద్దె గది చూడ్డానికి వెళ్లాం. "గది చూడాలనుకుంటున్నామండీ" అని మర్యాదగా అడగాలంటే "వొర్రెమ్మొ" అనాలి. కోర్సులో రాసినట్టు నేను "వొర్రేమొ" అన్నాను. అది భవిష్యత్ కాలం. ఇంటావిడ నా మొహంలోకి చూసి "క్వాందొ?" అంది, ఎప్పుడు అని. గుమ్మంలో నిలబడి ఇప్పుడేనని చేతులతో చూపించాల్సి వచ్చింది.

గడి, గడ్డి ఒకటి కాదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ద్విత్వం పలకడం తెలుగువాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య. అలాంటిది మన లిపిలోనే "పార్లెరేమొ" (మాట్లాడతాం), "పార్లెరెమ్మొ" (వీలైతే మాట్లాడతాం) రెంటినీ ఒకేలా అచ్చువేశారంటే నాకు నిజంగా బాధేసింది.

ఊనిక, అంటే మాటలో నొక్కి పలికే చోటు, దాని సంగతి ఇంకా ఘోరం. "చివరి నుంచి రెండో అక్షరాన్ని నొక్కండి" అని ఒకే సూత్రం ఇచ్చారు. ఇటాలియన్‌లో చాలా మాటలకి అది సరిపోతుంది కానీ ఇక్కడ అన్ని రూపాలకీ కాదు. "నేను" నుంచి "వాళ్లు" దాకా "మాట్లాడు" క్రియకి కండిషనల్ రూపాలు పార్లెరెయ్, పార్లెరెస్తి, పార్లెరెబ్బె, పార్లెరెమ్మొ, పార్లెరెస్తె, పార్లెరెబ్బెరొ: ఆరింటిలోనూ ఊనిక "రె" మీదే. చివరి రూపంలో అది వెనక నుంచి మూడో అక్షరం. కోర్సు ఆడియోలో మాత్రం "పార్లెరెబ్బేరొ" అని "బే" సాగదీశారు. "కలిగి ఉండు" అనే క్రియకి భూతకాల రూపాలు ఎబ్బె, ఎబ్బెరొ. అవి పూర్వం క్రియకి అతుక్కుపోయి ఈ ప్రత్యయాలు పుట్టాయి. "ఎబ్బెరొ"లో మొదటి "ఎ" నొక్కుతారు కాబట్టి ఇక్కడా అదే నిలిచింది. ఈ ఒక్క ముక్క చెప్పుంటే జన్మలో మర్చిపోను.

మాటని అక్షరాలుగా విడగొట్టే విరుపులూ తప్పే. రాతలో రెబ్-బె అని ద్విత్వాన్ని చీల్చాలి, కానీ "స్తి"ని చీల్చకూడదు: పార్-లె-రె-స్తి. వాళ్లు "రెస్-తి" అని ఇచ్చారు. మూడక్షరాల పార్-లె-రెయ్‌ని నాలుగు చేశారు.

డబ్బు వెనక్కి అడిగితే, డౌన్‌లోడ్ అయ్యాక కుదరదన్నారు. చివరికి ఇక్కడి ప్రభుత్వ వయోజన విద్యాకేంద్రం, చిపియా అంటారు, సాయంత్రం తరగతిలో చేరాను. టీచరమ్మ "పార్-లె-రెబ్-బె-రొ" అంటూ "రెబ్" దగ్గర మాత్రమే బల్ల మీద గట్టిగా కొట్టేది. నాకు ఊనిక దారికొచ్చింది అలాగే.

ఏ కోర్సయినా కొనేముందు నమూనా ఆడియో అడగండి. "వాళ్లు వీలైతే మాట్లాడతారు" అన్న రూపం, పార్లెరెబ్బెరొ, వినిపించమనండి. "బే" సాగితే కొనకండి. నాలాగే ఇప్పటికే కొనేసినవాళ్లుంటే 18వ పాఠం ఆడియో ఫోన్‌లోంచి తీసేయండి. చెవికి పట్టిన ఆ "బేరొ" వదలడానికి నాకు రెండు నెలలు పట్టింది.