రైతుల డేటా ఫైళ్లు కొనేవాళ్లకు హెచ్చరిక: కోబాల్ ఆగితే మేలే, ఆగకపోతేనే నష్టం

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు డేటా ఎంట్రీ ఏజెన్సీల దగ్గర రైతుల దరఖాస్తులు కొట్టించి, ఆ ఫైళ్లను మెయిన్‌ఫ్రేమ్‌కు (కోబాల్ భాషలో రాసిన ప్రోగ్రాములు నడిచే పెద్ద కంప్యూటర్‌కు) పంపేవాళ్లు ఇది చదివాకే బిల్లు పాస్ చేయండి. పంట రుణమైనా, బీమా అయినా బాధ ఒకటే. ఏజెన్సీ పేరు రాయడం లేదు. ఒకరిని మార్చి ఇంకొకరిని పట్టుకున్నా ఇవే తప్పులు వస్తాయి కాబట్టి పేరుతో పని లేదు. "ఫైల్ మంచిగ ఓపెన్ అయితుంది సార్, ఎక్సెల్‌లో చూసుకోండి" అంటారు. ఎక్సెల్‌లో బాగా కనిపించిందంటే కోబాల్‌కు పనికొస్తుందని కాదు.

అందరూ భయపడేది ఎస్0సీ7 అబెండ్‌కు, అంటే అంకె ఉండాల్సిన చోట చెత్త కనబడి ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోవడానికి. అది వస్తే రాత్రి నిద్ర పోతుందేమో గానీ పైసలు పోవు. పైసలు పోయేది జాబ్ రిటర్న్ కోడ్ సున్నాతో, అంటే తప్పేమీ లేదన్నట్టు ముగిసినప్పుడు.

రుణం మొత్తం 41వ బైట్ నుంచి 49 వరకు, పిక్ 9(7)వీ99 (ఏడు అంకెల రూపాయలు, రెండు అంకెల పైసలు, మధ్యలో చుక్క ఉండదు) అనుకోండి. 12,500 రూపాయలు 001250000 అని రావాలి. ముందు సున్నాలు పెట్టకుండా, 1250000 అని ఎడమకు జరిపి, చివర రెండు ఖాళీలు వదిలి పంపారు. ఎబ్సిడిక్‌లో (మెయిన్‌ఫ్రేమ్ అక్షర కోడ్‌లో) ఖాళీ అంటే హెక్స్ 40, సున్నా అంటే ఎఫ్0. లెక్క కోసం ఫీల్డ్‌ను ప్యాక్ చేసేటప్పుడు మెషిన్ ప్రతి బైట్‌లో రెండో సగాన్నే తీసుకుంటుంది. 40లో రెండో సగం సున్నాయే. చివరి బైట్ మొదటి సగం సైన్ అవుతుంది. ఎస్ (ప్లస్, మైనస్ ఒప్పుకునే గుర్తు) ఉన్న ఫీల్డ్ అయితే 4 చెల్లని సైన్ కాబట్టి లెక్క దగ్గర ఎస్0సీ7 వస్తుంది. ఎస్ లేని ఫీల్డ్ అయితే సైన్‌ను చాలాసార్లు కంపైలరే సరిచేస్తుంది, జాబ్ ఆగదు. 12,500 కాస్తా 12,50,000 అయి కూర్చుంటుంది. నూరు రెట్లు.

ఇంకో రకం ఇంతకంటే ఘోరం. కొట్టేవాళ్లు సున్నాకు బదులు 'ఓ' అక్షరం కొడతారు, కళ్లకు రెండూ ఒకటే. ఎబ్సిడిక్‌లో పెద్ద 'ఓ' అంటే డీ6. మధ్యలో పడితే మెషిన్ దాన్ని 6 అనుకుంటుంది. 12,500లో చివరి నుంచి రెండో సున్నా స్థానంలో 'ఓ' ఉంటే లెక్కలో 12,560 అవుతుంది. చివరి బైట్‌లో పడితే డీ అంటే మైనస్, 6 అంటే ఆరు. ఎస్9 ఫీల్డ్‌లో అది పూర్తిగా చెల్లే అంకె, మైనస్ ఆరు. ఆ ఫీల్డ్ మీద ఈజ్ న్యూమరిక్ (అంకేనా అని కోబాల్ అడిగే) పరీక్ష పెట్టినా పాస్ అవుతుంది.

అందుకే బయటి ఫైల్‌లో ఏ అంకెనూ మొదటే 9గా చదవొద్దు. అన్నీ పిక్ ఎక్స్‌గా (ఉత్త అక్షరాలుగా) చదివి, ఆ ఎక్స్ ఫీల్డ్ మీదే ఈజ్ న్యూమరిక్ అడగండి. అప్పుడు 0 నుంచి 9 తప్ప ఖాళీ, అక్షరం, సైన్ ఏదీ దాటదు. దాటిన తర్వాతే, అవే బైట్లను అంకెలుగా చూపేలా రిడిఫైన్స్ చేసిన 9 ఫీల్డ్‌ను ముట్టుకోండి. మైనస్ మొత్తాలు నిజంగా అవసరమైతే సైన్‌కు వేరే బైట్ ఇమ్మనండి, ప్లస్సో మైనస్సో. అంకె మీదే సైన్ ఎక్కించే పద్ధతిని పీసీ మీద తయారయ్యే ఫైళ్లలో నమ్మొద్దు. మైనస్ 500ను మెయిన్‌ఫ్రేమ్ '50}' అని రాస్తుంది, పీసీ మీద నడిచే మైక్రో ఫోకస్ కోబాల్ ఆస్కీలో (పీసీ అక్షర కోడ్‌లో) చివర చిన్న 'పీ' పెడుతుంది. కాంప్-3 ఫీల్డ్ (ఒక బైట్‌లో రెండు అంకెలు ప్యాక్ చేసింది) ఉన్న ఫైల్‌ను టెక్స్ట్ మోడ్‌లో ఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ మీద ఫైల్ పంపడం) చేస్తే, అక్షరాలు మార్చినట్టే ఆ బైట్లనూ మార్చేస్తుంది, ఇక వెనక్కి రావు. బయటి ఫైల్‌లో కాంప్-3 అసలు ఒప్పుకోవద్దు.

మన ప్రాంతపు లెక్కలు ఇంకో తలనొప్పి. భూమి 2.20 అని రాస్తే రెండు ఎకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. కొట్టేవాళ్లకు అది దశాంశం. 2.35, 1.10 కలిపితే ప్రోగ్రామ్ 3.45 అంటుంది, అసలు భూమి 4 ఎకరాల 5 గుంటలు. పైగా ఎక్సెల్ 1.10ని 1.1 చేస్తుంది, తర్వాత అది పది గుంటలో ఒక గుంటో ఎవరూ చెప్పలేరు. ఎకరాలకు మూడు బైట్లు, గుంటలకు రెండు బైట్లు విడివిడిగా తీసుకోండి. గుంటలు 39 దాటితే రికార్డు తిప్పి పంపండి. సర్వే నంబర్ 12/2 అని కొడితే ఎక్సెల్ దాన్ని ఫిబ్రవరి 12 చేస్తుంది, అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో అయితే డిసెంబర్ 2. ఖాతా నంబర్ ముందు సున్నాలు ఎగిరిపోతాయి. 15 అంకెలు దాటిన నంబర్‌లో మిగతావి సున్నాలు అవుతాయి. వీటిలో చాలావి న్యూమరిక్ పరీక్షలో దొరకవు కాబట్టి, ఫైల్ ఏ దశలోనూ ఎక్సెల్‌ను తాకకూడదని ఒప్పందంలోనే రాయించండి. వినరనుకోండి, అయినా రాయించండి.

తెలుగులో పేర్లు తీసుకుంటే బైట్లు లెక్కపెట్టండి. యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) ఒక్కో తెలుగు కోడ్‌కు మూడు బైట్లు. అక్షరం, గుణింతం, పొల్లు, సున్నా ఒక్కోటి ఒక కోడ్. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఎనిమిది బైట్లు పట్టే నల్లగొండ తెలుగులో 24 పడుతుంది. మహబూబ్‌నగర్ 30. అందులో బ్, న కలవకుండా పెట్టే కనిపించని అక్షరం ఉంటే 33. ముప్ఫై బైట్ల ఫీల్డ్‌లో ఒకడి ఊరు పడుతుంది, పక్కవాడి ఊరు పక్క ఫీల్డ్ మీద పడుతుంది, స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. సర్వే నంబర్ 125/అ లోని 'అ' కూడా మూడు బైట్లే. రికార్డు పొడవు 200 బైట్లు అనుకుంటే, అది దాటితే ఎఫ్‌టీపీ సెట్టింగ్‌ను బట్టి తోక తెగుతుంది, లేదా మిగిలింది తర్వాతి రికార్డులో పడుతుంది. ఫైల్ మొదట్లో పాత నోట్‌ప్యాడ్ పెట్టే మూడు బైట్ల గుర్తు (ఈఎఫ్, బీబీ, బీఎఫ్) ఉంటే మొదటి రికార్డు ఒక్కటే మూడు స్థానాలు జరుగుతుంది. హెడర్ (ఫైల్ మొదటి రికార్డు) చెల్లలేదని ఫైల్ తిరగ్గొడితే మొదట చూడాల్సింది ఇదే.

టెక్స్ట్ ఫైల్‌ను పొరపాటున బైనరీ మోడ్‌లో పంపితే లైన్ చివరి రెండు బైట్లు డేటాలో కలుస్తాయి. రెండో రికార్డు రెండు స్థానాలు, మూడోది నాలుగు, అలా జరుగుతూ పోతుంది.

జిల్లా కోడ్ సంగతి. 2016 అక్టోబర్ 11న పాత నల్లగొండ మూడు జిల్లాలైంది, మహబూబ్‌నగర్‌లో నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వచ్చాయి, 2019లో నారాయణపేట. ఏజెన్సీ పట్టిక పాతదైతే, లేదా పిన్ కోడ్ మొదటి మూడు అంకెలతో జిల్లా నింపితే, 508213 సూర్యాపేట, 508116 భువనగిరి రెండూ నల్లగొండ కిందే వస్తాయి. జిల్లాను పిన్ నుంచి తీయొద్దు, మండలం కోడ్ నుంచి తీయండి.

ఇక ట్రెయిలర్. రికార్డుల సంఖ్య, మొత్తం సొమ్ము చివరి రికార్డులో ఉండాలని అందరూ అడుగుతారు, ఏజెన్సీలూ ఇస్తాయి. కానీ ఆ మొత్తం ఎక్కడి నుంచి వచ్చింది? కొట్టిన ఫైల్‌నే కూడి ట్రెయిలర్‌లో పెడితే తప్పు కూడా దానితో సరిపోతుంది. కొట్టడానికి ముందే, యాభై ఫారాలకు ఒక కట్ట చేసి, కాగితం మీద ఫారాల లెక్క, సొమ్ము కూడి కట్ట చీటీ రాయించండి. చీటీ మీ దగ్గర ఉండాలి, ఏజెన్సీ దగ్గర కాదు. ఖాతా నంబర్లన్నీ కూడిన హ్యాష్ టోటల్ కూడా ఉంటే, ఖాతా నంబర్ తప్పు కొట్టి ఒక రైతు డబ్బు ఇంకొకరి ఖాతాకు పోయే తప్పు దొరుకుతుంది, సొమ్ము మొత్తంతో అది దొరకదు.

ప్రోగ్రామ్‌ను రెండు స్టెప్పులు చేయండి. మొదటిది చదివి పరీక్షించడమే, ఏ మాస్టర్‌నూ (అసలు ఖాతాల ఫైల్‌ను) ముట్టదు. ట్రెయిలర్ సరిపోయి, తిప్పిన రికార్డులు మీరు పెట్టిన హద్దులో ఉంటేనే సున్నా ఇస్తుంది, లేకపోతే రిటర్న్ కోడ్ 8. జేసీఎల్‌లో (జాబ్‌ను నడిపే ఆదేశాల ఫైల్‌లో) ఇఫ్ పెట్టి సున్నా వస్తేనే రెండో స్టెప్ నడపండి. ఒకే స్టెప్‌లో చేస్తే, ట్రెయిలర్ తేడా తెలిసేసరికి వేల ఖాతాలు మారిపోయి ఉంటాయి. తప్పు దొరికిన రికార్డును మొదటి తప్పు దగ్గరే వదలకుండా అన్ని ఫీల్డులూ చూసి, అసలు 200 బైట్లు, రికార్డు వరుస సంఖ్య, తప్పుల కోడ్‌లు రిజెక్ట్ ఫైల్‌లో రాయండి. లేకపోతే ఒక్క రికార్డు మూడుసార్లు తిరిగి వస్తుంది.

ఖాళీ ఫైల్ వచ్చినా జాబ్ పచ్చగానే ముగుస్తుంది. మొదటి రీడ్‌కే స్టేటస్ 10 (ఫైల్ అయిపోయింది) వస్తుంది, అంతే. హెడర్ లేకపోతే ఫైలే కాదని ప్రోగ్రామ్ అనాలి. పోయిన వారం ఫైల్ మళ్లీ పంపడం కూడా మామూలే. హెడర్‌లో వరుస సంఖ్య పెట్టించి, చివరిగా తీసుకున్న సంఖ్య దాచుకుని, దానికంటే పెద్దదైతేనే తీసుకోండి. జీడీజీ (ఒకే పేరు కింద వరుసగా దాచిన ఫైళ్ల గుంపు) వాడేవాళ్లు తాజా ఫైల్‌ను చూపే (0) పెట్టడం మరిచి బేస్ పేరు మాత్రమే ఇస్తే, పాత జనరేషన్లన్నీ వరుసగా చదువుతుంది. ఈ ఒక్క తప్పు మాత్రం ఏజెన్సీది కాదు, మనదే.

పాత కంపైలర్ నుంచి ఎంటర్‌ప్రైజ్ కోబాల్ 6కు మారినవాళ్లు టెస్ట్‌లో నమ్‌చెక్ (అంకెలు సరైనవేనా అని నడిచేటప్పుడు చూసే) ఆప్షన్ ఆన్ చేసి నడపండి. చెత్త అంకెలు పోలికల్లో పాతదానిలాగే నడుస్తాయన్న హామీ కొత్త కంపైలర్‌లో లేదు. ప్రొడక్షన్‌లో సీపీయూ భారం చూసుకుని ఆఫ్ చేయొచ్చు.

నమూనా ఫైల్ వచ్చిన రోజు ఐఎస్‌పీఎఫ్ ఎడిట్‌లో (మెయిన్‌ఫ్రేమ్ ఎడిటర్‌లో) తెరిచి ఫైండ్ పీ'-' 41 49 ఆల్ కొట్టండి, అంకె కాని ప్రతి బైట్ దొరుకుతుంది. తర్వాత ఫైండ్ పీ'.' ఆల్ కొడితే కనిపించని చెత్త బయటపడుతుంది. హెక్స్ ఆన్ చేసి చివరి రికార్డు 199, 200 బైట్లు చూడండి. అక్కడ 0డీ, 25 (లైన్ చివరి గుర్తులు) కనబడితే ఫైల్ వెనక్కి పంపి, లేఅవుట్ మళ్లీ బైట్ నంబర్లతో రాసిచ్చి, కొత్త నమూనా వచ్చేదాకా అడ్వాన్స్ తప్ప ఇంకేమీ ఇవ్వొద్దు.