ఒకరి పెత్తనమా, ఇద్దరిదా? నార్మండీ, లేటే దాడుల్లో ఏ ఏర్పాటు మేలు?

1944లో అమెరికా సేనలు నాలుగున్నర నెలల తేడాతో రెండు భారీ తీర దాడుల్లో దిగాయి. జూన్ 6న ఫ్రాన్స్‌లోని నార్మండీలో, అక్టోబర్ 20న ఫిలిప్పీన్స్‌లోని లేటే దీవిలో. రెండూ గెలిచినవే. అయితే మొదటిదాంట్లో ఆఖరి మాట ఒక్కరిది. రెండోదాంట్లో ఇద్దరిది, ఆ ఇద్దరికీ పొసగడం అంతంతమాత్రం. గెలుపు సంగతి కాసేపు పక్కనపెట్టి, ఎవరి మాట ఎవరు వినాలన్న ఏర్పాటును మాత్రమే చూద్దాం.

నార్మండీ పథకం పని 1943లో బ్రిటిష్ జనరల్ మోర్గన్ చేతిలో పెట్టారు. సర్వసేనాని ఎవరో అప్పటికింకా తేల్చలేదు. పెళ్లికొడుకు ఖాయం కాకముందే పందిరి వేయించినట్టన్నమాట. ఇస్తామన్న ల్యాండింగ్ క్రాఫ్ట్‌లు (సైన్యాన్ని ఒడ్డుకు చేర్చే పడవలు) మూడు డివిజన్లకే సరిపోతాయి కాబట్టి మోర్గన్ మూడింటికే లెక్క వేశాడు. డిసెంబర్‌లో అమెరికన్ జనరల్ ఐసెన్‌హోవర్‌ను సర్వసేనానిగా ఎంపిక చేశాక కథ మారింది. మూడు చాలవని ఆయన, బ్రిటిష్ జనరల్ మాంట్‌గొమరీ పట్టుబట్టారు. సముద్రం మీంచి అయిదు డివిజన్లు, ఆకాశం నుంచి మూడు దిగాలన్నారు. మరి అన్ని పడవలు ఎక్కడివి? మే నెలలో అనుకున్న దాడి జూన్‌కు జరిగింది. దానితోపాటే జరగాల్సిన దక్షిణ ఫ్రాన్స్ దాడిని ఆగస్టు 15 దాకా ఆపారు. మోర్గన్‌కూ లెక్కలు తెలుసు. కానీ పెద్దల్ని నిలదీసి అడిగే హోదా ఆయనకు లేదు. సేనానిని ముందే నియమించి ఉంటే ఆ నెలల టెన్షన్ కొంతైనా తగ్గేదని నాకనిపిస్తుంది.

ఐసెన్‌హోవర్ కింద నౌకాదళానికి రామ్సే, విమానాలకు లీ-మాలరీ, దిగే సైన్యానికి మొదట్లో మాంట్‌గొమరీ, ఉపసేనానిగా టెడర్. నలుగురూ బ్రిటిష్ వాళ్లే, పైన అమెరికన్. కాగితం మీద ఎంత చక్కగా ఉన్నా భారీ బాంబర్ల దళాలు మాత్రం ఈ గొడుగు కిందికి రానన్నాయి. వాటిని నడిపే అమెరికన్ స్పాట్జ్, బ్రిటిష్ హారిస్ ఇద్దరికీ లీ-మాలరీ కింద పనిచేయడం ఇష్టం లేదు. ఐసెన్‌హోవర్ తప్పుకుంటానని బెదిరించేదాకా వెళ్లింది వ్యవహారం. చివరికి ఏప్రిల్‌లో ‘అధికారం’ అన్న మాట వాడకుండా ‘మార్గదర్శనం’ అన్న మెత్తని మాటతో బాంబర్లను ఆయనకు అప్పగించారు. పెద్దన్న ఒక్కడే అయినా ఉమ్మడి కుటుంబంలో అలకలు తప్పవు కదా.

అయినా అవసరం వచ్చినప్పుడు ఆ ఏర్పాటు పనిచేసింది. జూన్ 5న జరగాల్సిన దాడిని వాతావరణం బాగాలేక ఒకరోజు ఆపడం, మర్నాడు బయల్దేరమనడం రెండూ ఒకే నోటి నుంచి వచ్చాయి. అవతలి ఒడ్డున జర్మన్ల పరిస్థితి వేరు. ట్యాంకులు తీరానికి దగ్గరగా ఉండాలని సేనాని రోమెల్, వెనక ఉంచాలని ఆయన పై అధికారి రుండ్‌స్టెట్ వాదన. ఎటూ తేలక కొన్ని పాంజర్ (ట్యాంకు) డివిజన్లను హిట్లర్ తన అనుమతి లేనిదే కదలకూడదన్నాడు. దాడి రోజు ఆ అనుమతి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

ఇక లేటే. దిగే సైన్యం, అడ్మిరల్ కింకెయిడ్ నడిపే ఏడో నౌకాదళం అమెరికన్ జనరల్ మెకార్థర్ కింద. కాపలా కాయాల్సిన అడ్మిరల్ హాల్సీ మూడో నౌకాదళం మాత్రం పెర్ల్ హార్బర్‌లో ఉన్న అడ్మిరల్ నిమిట్జ్ కింద. ఈ ఇద్దరికీ పైన ఎవరైనా ఉన్నారంటే వాషింగ్టన్‌లోని సంయుక్త సేనాధిపతులే. పైగా శత్రు నౌకాదళంలో ప్రధాన భాగాన్ని దెబ్బతీసే అవకాశం దొరికితే అదే మొదటి పని అని నిమిట్జ్ హాల్సీకి ఆదేశమిచ్చాడు. అక్టోబర్ 24 రాత్రి జపాన్ తన అడ్మిరల్ ఒజావా ఓడలను ఎరగా చూపింది. హాల్సీ ఉత్తరానికి పరుగెత్తాడు, మరో జపాన్ దళం లేటే వైపు రాగల శాన్ బెర్నార్డినో జలసంధికి కాపలా లేకుండా పోయింది. తనకు పంపని ఒక సందేశాన్ని విన్న కింకెయిడ్ అక్కడ యుద్ధనౌకలు కాపలా ఉన్నాయనే నమ్మాడు. తెల్లవారుజామున అనుమానం వచ్చి అడిగితే ఆ ప్రశ్న హాల్సీకి చేరడానికి దాదాపు రెండున్నర గంటలు పట్టింది. నేరుగా మాట్లాడుకునే వీల్లేదు, మనుస్ దీవి రేడియో కేంద్రం గుండా పోవాల్సిందే. లేదన్న జవాబు వచ్చేసరికి ఆ జలసంధి దాటి వచ్చిన జపాన్ అడ్మిరల్ కురిటా ఫిరంగులు సమార్ దీవి దగ్గర పేలుతున్నాయి. యమాటో సహా నాలుగు భారీ యుద్ధనౌకల ముందు అమెరికావి ఆరు చిన్న విమానవాహక నౌకలు, ఏడు రక్షక నౌకలు. ఆ అమెరికా దళంలో అయిదు ఓడలు ఆ రోజే మునిగాయి. కురిటా వెనక్కి తిరగబట్టి సరిపోయింది. అతను ఎందుకు తిరిగాడన్నది ఇప్పటికీ చర్చే.

ఇద్దరు పెద్దల పద్ధతి పూర్తిగా చెడ్డదని అనను. న్యూగినీ వైపు నుంచి మెకార్థర్, మధ్య పసిఫిక్ దీవుల గుండా నిమిట్జ్ ముందుకు వస్తుంటే ఏ వైపు కాచుకోవాలో జపాన్‌కు అర్థం కాలేదు. సముద్రం అంత విశాలమైనప్పుడు రెండు దారులకు ఇద్దరు పెద్దలు నడుస్తుంది. రెండు దారులూ లేటే దగ్గర కలిశాక మాత్రం ఒకే ఒరలో రెండు కత్తులయ్యాయి. అందుకే నా ఓటు నార్మండీకి. దాడి విఫలమైతే తప్పు తనదేనని ఐసెన్‌హోవర్ ముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకున్నాడు. సమార్ తప్పు ఎవరిదన్నది హాల్సీ, కింకెయిడ్ యుద్ధం ముగిశాక కూడా తేల్చుకోలేకపోయారు.

విచిత్రమేమిటంటే, ఇంత జరిగాక కూడా 1945 ఏప్రిల్‌లో పసిఫిక్‌లోని సైన్యాన్ని మెకార్థర్‌కు, నౌకాదళాన్ని నిమిట్జ్‌కు పంచారే తప్ప ఇద్దరిపైనా ఒకరిని పెట్టలేదు. నవంబర్ 1న జపాన్‌లోని క్యుషు దీవిపై దాడి అనుకున్నారు. ఆగస్టులోనే జపాన్ లొంగిపోవడంతో ఆ పంపకానికి పరీక్ష రాలేదు.