‘గోల్!’ సినిమా: మైదానం కన్నా ఇల్లే బాగుంది

2005లో విడుదలైన ‘గోల్!’ అనే ఇంగ్లీషు చిత్రాన్ని అందరూ ఫుట్‌బాల్ సినిమాగానే గుర్తుపెట్టుకున్నారు. ఇన్నేళ్ల తరువాత మళ్లీ చూస్తే ఆట సన్నివేశాలు కాస్త వెలిసినట్లు కనిపిస్తాయి గానీ, ఆ ఆటగాడి ఇంటి కథ మాత్రం అప్పటి పదునుతోనే ఉంది. డానీ కానన్ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో కథానాయకుడు సాంటియాగో మునెజ్. పసితనంలో కుటుంబంతో కలిసి చీకట్లో మెక్సికో సరిహద్దు దాటి అమెరికా చేరిన ఈ కుర్రవాడు, లాస్ ఏంజిలిస్‌లో పగలు తండ్రి వెంట సంపన్నుల ఇళ్ల తోటల్లో పనిచేస్తాడు, ఆ తరువాత ఒక హోటల్లో గిన్నెలు కడుగుతాడు, దొరికిన కాస్త తీరికలో పేటలోని జట్టుకు ఆడతాడు. కూతురిని చూడటానికి ఇంగ్లండు నుంచి వచ్చిన గ్లెన్ ఫోయ్ అనే పాత ఆటగాడు అతని ఆట చూసి, తనకు పరిచయమున్న న్యూకాసిల్ యునైటెడ్ క్లబ్బులో ప్రయత్నించి చూడమంటాడు.

ఇక్కడి నుంచి విమానం ఎక్కేదాకా సాగే భాగమే చిత్రానికి ప్రాణం. కాళ్లకు రక్షణగా మేజోళ్లలో అట్టముక్కలు దోపుకుని ఆడే కుర్రవాడికి టికెట్టు డబ్బు ఎలా పుడుతుందన్న చిన్న ప్రశ్న చుట్టూ దర్శకుడు ఇంటిల్లిపాదినీ నిలబెట్టాడు. సాంటియాగో పైసా పైసా కూడబెట్టుకున్న సొమ్మును తండ్రి తీసి, సొంత పనికోసం ఒక ట్రక్కు కొంటాడు. మామూలు సినిమాలో అయితే ఆ తండ్రి దుర్మార్గుడైపోయేవాడు. టోనీ ప్లానా ఆ పాత్రను ఎంత నిబ్బరంగా పోషించాడంటే, పెద్ద ఇళ్లలో ఉండేవారు వేరు, వాళ్ల గడ్డి కోసే మనలాంటివారు వేరు అని అతను వాదిస్తుంటే, అది అనుభవం నేర్పిన లెక్కలా వినిపిస్తుంది తప్ప అసూయలా కాదు. ఆట కూడు పెడుతుందా అని అడిగే తండ్రి మనకేమీ కొత్తవాడు కాడు కదా. ఆ తరువాత నాయనమ్మ చేతికి టికెట్టు ఎలా వచ్చిందో చూసి తెలుసుకోవడమే బాగుంటుంది.

ప్రతిభ ఒక్కటే ఉంటే చాలదని, దాన్ని చూసి మరొకరికి గట్టిగా చెప్పే మనిషి కావాలని ఈ చిత్రం నమ్ముతుంది. స్టీఫెన్ డిలేన్ పోషించిన గ్లెన్ పాత్ర అందుకే ముఖ్యమైనది. ఆటగాణ్ణి చూస్తానని మాటిచ్చిన ఏజెంటు మొహం చాటేస్తే, గ్లెన్ తానే న్యూకాసిల్ మేనేజరుతో మాట్లాడతాడు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టి, కోచ్ రహీం కంటపడి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లోనూ 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఆడిన మన ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం గురించి తెలిసినవారికి గ్లెన్ లాంటి మనిషి కల్పనగా అనిపించడు.

న్యూకాసిల్ చేరాక కథ రెండు ముక్కలవుతుంది. మొదటి ముక్క బాగుంది. ఎండలో, గట్టి నేల మీద ఆడటం అలవాటైన కుర్రవాడు చలిలో, వానలో, కాళ్లు దిగబడే బురదలో పరీక్షకు నిలబడి ఒకదాని తరువాత ఒకటి దెబ్బలు తింటాడు; బంతి కాలికి తగిలేలోపే ఎవరో ఒకరు వచ్చి పడగొడతారు. తొలి పరీక్షలో అతను తేలిపోవడాన్ని దాచకుండా చూపడం దర్శకుడి నిజాయతీ. ఆపైన నెల రోజుల గడువు, ప్రధాన జట్టుకు దిగువన ఉండే రిజర్వు జట్టు, బట్టలు మార్చుకునే గదిలో ఈసడింపులు వరుసగా వస్తాయి. అయితే కథానాయకుడు తన ఉబ్బసాన్ని క్లబ్బుకు తెలియకుండా దాచడం, సరిగ్గా కీలకమైన పోటీకి ముందు ఓర్వలేని సహచరుడు అతని ఇన్‌హేలరును కాలితో తొక్కి నలిపేయడం చౌకబారు మలుపులు. అంత పెద్ద క్లబ్బు వైద్య పరీక్షలో అది బయటపడలేదంటే నమ్మబుద్ధి కాదు.

రెండో ముక్కలో విలాసాలకు మరిగిన సహ ఆటగాడు గావిన్ హారిస్, విందులు, పత్రికల వదంతులు వచ్చి చేరతాయి. అవన్నీ ఇదివరకు చూసినవే. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా సహకారం వల్ల న్యూకాసిల్ సొంత మైదానమైన అసలు సెయింట్ జేమ్స్ పార్కు, అలన్ షియరర్, బెక్‌హామ్, జిడాన్ వంటి నిజమైన ఆటగాళ్లు తెర మీద కనిపించడం అభిమానులకు పండుగే. కానీ అడిడాస్ గుర్తు పదే పదే కంటికి తగులుతూ ఉండటంతో కొన్ని చోట్ల చూస్తున్నది సినిమానో ప్రకటనో తెలియదు. నిజమైన పోటీల దృశ్యాలకు నటుల దృశ్యాలను అతికించిన చోట అతుకులు కూడా కనిపిస్తాయి. ఇందులో న్యూకాసిల్ యూరప్ మేటి క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ అర్హత కోసం పోరాడుతుంది గానీ, నిజానికి 2004-05లో ఆ జట్టు ఇంగ్లండులోని అగ్రశ్రేణి ప్రీమియర్ లీగులో 14వ స్థానంతో సరిపెట్టుకుంది. పాపం, ఆ ఊరి అభిమానులకు ఈ ఊరట తెర మీదే దక్కింది.

సాంటియాగోగా కూనో బెకర్ ముఖంలో అమాయకత్వం బాగా పలికినా, కోపం పలకాల్సిన చోట తడబడ్డాడు. ఫుల్‌హామ్ జట్టుతో ఆడేటప్పుడు అతను మైదానంలో దిగిన దృశ్యం కన్నా, అదే పోటీని లాస్ ఏంజిలిస్‌లోని ఒక బారులో టీవీ ముందు తండ్రి చూసే దృశ్యం నాలుగింతలు బలంగా ఉంది. కొడుకుకు ఆ సంగతి అప్పటికి తెలియదు. ఆ కొద్ది క్షణాల కోసం చివరి అరగంటలోని అతిని నేను క్షమించేశాను.

దాదాపు రెండు గంటల నిడివి ఉన్న ఈ చిత్రాన్ని పదేళ్లు దాటిన పిల్లలతో కలిసి చూడవచ్చు గానీ, తాగుడు, విందుల సన్నివేశాలు కొన్ని ఉన్నాయని పెద్దలు ముందే గమనించుకోవాలి. న్యూకాసిల్ యాస మన చెవికి అంత తేలికగా పట్టుబడదు కాబట్టి ఉపశీర్షికలు పెట్టుకోవడం మంచిది. సాంటియాగో స్పెయిన్‌లోని రియల్ మాడ్రిడ్ క్లబ్బుకు వెళ్లే రెండో భాగం 2007లో వచ్చింది. ఇందులోని పేదరికం, తండ్రీకొడుకుల పెనుగులాట నచ్చినవారికి అందులో దొరికేది తక్కువ, మాడ్రిడ్ తారలను చూడాలనుకునేవారికి మాత్రం చాలినంత సరుకుంది.