మార్చిన అభిప్రాయానికి ఆధారం ఏది? చరిత్ర తరగతిలో డిజిటల్ పోర్ట్‌ఫోలియో: ఒక ఉపాధ్యాయురాలి సమీక్ష

విశాఖపట్నంలోని ఒక సీబీఎస్ఈ పాఠశాలలో 9, 10 తరగతులకు చరిత్ర బోధిస్తూ, కొన్ని విద్యాసంవత్సరాలుగా పిల్లల చేత డిజిటల్ పోర్ట్‌ఫోలియోలు (విద్యార్థి తన పనిని, అది మారిన దశలతో సహా, కంప్యూటర్‌లో ఒకచోట కూర్చే సేకరణలు) చేయిస్తున్నాను. గూగుల్ సైట్స్‌లో ప్రతి విద్యార్థికీ ఒక సైటు, దాని వెనుక డ్రైవ్‌లో ఒక ఫోల్డరు, అసలు రాత అంతా డాక్స్‌లో: ఇదీ మా ఏర్పాటు. 20 మార్కుల అంతర్గత మూల్యాంకనంలో పోర్ట్‌ఫోలియోకు దక్కేది 5 మార్కులే కనుక, ఇంత శ్రమ దేనికని తల్లిదండ్రులు అడగడం సహజమే. స్పైరల్ బైండింగ్ చేయించి, అట్ట మీద రంగుల శీర్షిక అతికించి తెచ్చే ప్రాజెక్టు పుస్తకానికీ అవే 5 మార్కులు వస్తాయి. ఆ పుస్తకంలో దొరకనిది ఇక్కడ దొరికేది ఒక్కటే: విద్యార్థి ఏ ఆధారం చూసి తన అభిప్రాయాన్ని మార్చుకున్నాడో తెలిపే జాడ. ఆ జాడ మిగల్చని పోర్ట్‌ఫోలియో ఎంత ముచ్చటగా ఉన్నా ఫొటోల ఆల్బమ్‌తో సమానమని నా అభిప్రాయం.

9వ తరగతిలో రెండో ప్రపంచ యుద్ధం ప్రస్తావన వచ్చినప్పుడు, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన ఊరి మీద బాంబులు వేసిన సంఘటనను పోర్ట్‌ఫోలియో అంశంగా ఇస్తాను. ఏమీ చదవకముందే, తమకు తెలిసినదాన్ని నాలుగు వాక్యాల్లో రాయమంటాను. ఒక అమ్మాయి రాసిన మొదటి వాక్యం ఇలా ఉంది: 'జపాన్ విశాఖపట్నాన్ని పూర్తిగా ధ్వంసం చేసింది.' దాని పక్కన నేను పెట్టిన వ్యాఖ్య రెండు ముక్కలే: 'ఎవరు చెప్పారు? ఎలా తెలుసు?' ఆ తరువాత ఆమె బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంకు వెళ్లి, అక్కడ భద్రపరచిన పేలని బాంబును ఫొటో తీసి చేర్చింది. అదే రోజు కాకినాడ మీద కూడా దాడి జరిగిందని, ముందురోజు కొలంబో మీద జరిగిందని చదివి తేదీలు వరుసగా పేర్చింది. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు తరలిపోయారని తన అమ్మ చెప్పేదంటూ వాళ్ల తాతగారు చెప్పిన మాటలను ఫోనులో రికార్డు చేసింది. చివరి ప్రతిలో ఆమె వాక్యం ఇలా మారింది: 'దాడి గురి రేవు మీద, భయం మాత్రం ఊరంతా పాకింది.' ఆ పక్కనే, తాతగారికి ఆ మాట వాళ్ల అమ్మ ద్వారా తెలిసిందనీ, ఆయన కళ్లారా చూసినది కాదనీ తనంతట తానే గమనిక పెట్టింది. పరీక్షలో మూడు మార్కుల జవాబు రాయించి ఈ వివేచనను రాబట్టడం నాకెప్పుడూ సాధ్యపడలేదు.

'టీచర్, మొదట రాసింది తీసేయనా?' అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. తప్పు కనిపిస్తే చెరిపేయాలన్నది వాళ్లకు చిన్నప్పటి నుంచి అబ్బిన అలవాటు. తీసేయవద్దనీ, మొదటి ప్రతికీ చివరి ప్రతికీ మధ్య ఏం మారిందో, ఎందుకు మారిందో ఐదారు వాక్యాల్లో రాయాలనీ చెబుతాను. మార్కుల్లో పెద్ద వాటా ఆ వాక్యాలకే. డాక్స్‌లోని వెర్షన్ హిస్టరీ (రాతలో ఎప్పుడు ఏం మారిందో చూపే సౌకర్యం) ఇందుకు బాగా తోడ్పడుతుంది. ఎక్కడినుంచో తెచ్చి అతికించిన పేరా, ఈ మధ్య ఎక్కువైన ఏఐ రాతతో సహా, అందులో ఒక్కసారిగా ఊడిపడుతుంది. సొంత రాత మాత్రం కొట్టివేతలతో, ఆగిన చోట్లతో మెల్లగా పెరుగుతుంది. దీన్ని దొంగను పట్టే పరికరంగా వాడితే పిల్లలు ముందుగా నోటుపుస్తకంలో రాసుకుని చివరలో టైపు చేస్తారు కాబట్టి, నేను దాన్ని ఆ పిల్లలతోనే తెరిపించి, కలిసి చూస్తాను.

రెండేళ్లపాటు ఒకే పోర్ట్‌ఫోలియో కొనసాగడం వల్ల కలిగిన లాభాన్ని మొదట్లో నేను ఊహించలేదు. 9వ తరగతిలో అటవీ చట్టాలు పోడు వ్యవసాయాన్ని ఎలా అడ్డుకున్నాయో రాసిన విద్యార్థి, 10వ తరగతిలో గూడెం కొండల తిరుగుబాటు చదివేటప్పుడు తన పాత పుటకే లింకు ఇచ్చాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు జరిపిన దాడులు అతనికి సినిమాల ద్వారా తెలిసినవే. మన్యం ప్రజలు ఆయన వెంట ఎందుకు నడిచారన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఏడాది కిందటి సొంత రాతలో దొరికింది.

బౌద్ధ విహార శిథిలాలున్న తొట్లకొండకు తీసుకువెళ్లినప్పుడు, ప్రశ్న లేని ఫొటోను లెక్కలోకి తీసుకోనని నియమం పెట్టాను. దాంతో సెల్ఫీలు తగ్గి, కొండ మీద భిక్షువులకు నీళ్లెక్కడివి, రాతిలో తొలిచిన తొట్లలోకి వాననీరు ఎలా చేరేది అన్న శీర్షికలు వచ్చాయి. ఆర్‌కే బీచ్‌లోని కురుసురా జలాంతర్గామిని చూశాక, 1971 డిసెంబరులో మన తీరానికి దగ్గరలో మునిగిన పాకిస్తానీ జలాంతర్గామి ఘాజీ గురించి రెండు వాదనలను పక్కపక్కన పెట్టమన్నాను: మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల (నీటి లోపల పేలే బాంబుల) వల్ల మునిగిందని మన నౌకాదళం చెబుతుంది; లోపలి పేలుడు వల్లనో, తాను అమర్చిన మైను (సముద్రంలో పెట్టే మందుపాతర) వల్లనో మునిగిందని పాకిస్తాన్ అంటుంది. తీర్పు చెప్పడానికి అందరూ ఉబలాటపడ్డారు; ఏ ఆధారం దొరికితే తీర్పు మారుతుందో రాయగలిగినవారు కొద్దిమందే.

ఇక ఇబ్బందులు. సైట్స్ పుట మీద చూసేవాళ్లు వ్యాఖ్య రాసే వీలు లేదు కాబట్టి చర్చంతా డాక్స్‌లోనే జరగాలి. ఈ రెంటి మధ్య తిరగడం కొత్తవాళ్లకు చికాకు. అంతకుముందు వాడిన వేరొక యాప్‌లో చర్చ సులువుగానే సాగింది గానీ, ఏడాది చివర పని దింపుకుంటే వ్యాఖ్యలన్నీ పోయి బొమ్మలు మాత్రమే చేతికి వచ్చాయి. మాకు కావలసినది ఆ వ్యాఖ్యలే కనుక దాన్ని వదిలేశాం. ఫోనులో స్వరంతో టైపు చేస్తే ఉత్తరాంధ్ర యాసలోని మాటలు పుస్తకభాషగా మారిపోతున్నాయి, అందుకే పెద్దల ముఖాముఖికి ఆడియో కూడా జతచేయడం తప్పనిసరి చేశాను. ఇంట్లో ఒకే ఫోను ఉన్న పిల్లలకు కంప్యూటర్ ల్యాబులో వారానికి ఒక పీరియడు కేటాయించకపోతే ఈ పద్ధతి వారికి శిక్షే అవుతుంది. ఖాతాలో దొరికే చోటు పరిమితం కనుక వీడియోలు వద్దన్నాను.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని చెబుతుంది. చట్టం సంగతి ఎలా ఉన్నా, పిల్లల ముఖాలు, ఇంటి పెద్దల మాటలు బయటివాళ్లకు కనబడకూడదు. మా సైట్లు పాఠశాల ఖాతా ఉన్నవారికే తెరుచుకుంటాయి.

దిద్దడానికి పట్టే సమయమే అన్నింటికన్నా బరువైనది. నాలుగు సెక్షన్లు ఉన్న ఉపాధ్యాయులు ప్రతి పాఠానికీ దీన్ని పెట్టుకుంటే నెల తిరక్కుండానే చేతులెత్తేస్తారు. టర్ముకు ఒక్క అంశం, దానికి రెండు ప్రతులు, మధ్యలో ఒక తోటి విద్యార్థి వ్యాఖ్య, ఒక ఉపాధ్యాయుడి వ్యాఖ్య: ఈ మేరకు కుదించుకోగలిగితేనే మొదలుపెట్టమని చెబుతాను. 10వ తరగతి పూర్తయ్యాక పాఠశాల ఖాతాలు మూతపడతాయి కాబట్టి, బోర్డు పరీక్షల హడావుడి మొదలవక ముందే, జనవరిలోనే పిల్లల చేత గూగుల్ టేక్అవుట్ (ఖాతాలోని పనిని దింపుకునే సౌకర్యం) ద్వారా తమ పనినంతా దింపించాలి.