పందుల చుట్టూ సోలార్ కంచె: ఆరు నెలలు వాడాక

ఆరు పంది పిల్లల్ని ఆరుబయట పెంచుదామని మొదట ఇనుప వల కంచె వేశాను. పది రోజులు ఆగింది. ముట్టె దూరేంత సందు దొరికితే చాలు, పంది ఆ వలని దుప్పటి ఎత్తినట్టు ఎత్తేస్తుంది. అప్పుడు కొన్నాను ఈ సోలార్ ఫెన్సింగ్ సెట్టు. వైరులోకి షాకు పంపే మిషన్, బ్యాటరీ, ఎర్త్ రాడ్డు (నేలలో పాతే లోహపు కడ్డీ), పాలీ వైరు (సన్న లోహపు తీగలు కలిపి అల్లిన ప్లాస్టిక్ తాడు), ప్లాస్టిక్ గుంజలు అన్నీ ఒకే పెట్టెలో వచ్చాయి.

మిషన్ గురించి చెడ్డగా చెప్పడానికి ఏమీ లేదు. సెకనుకోసారి టిక్కుమంటూ కొడుతుంది. శుభ్రంగా ఉన్న వైరు మీద టెస్టర్ పెడితే 7000 వోల్టులు చూపించింది. పందికి 4000 ఉంటే ధారాళం. మూడు రోజులు మబ్బు పట్టినా బ్యాటరీ దిగలేదు.

కోపమంతా దాంతో ఇచ్చిన పుస్తకం మీద. అందులో బొమ్మ ఆవులది. నడుమెత్తున ఒకే వైరు! పంది పిల్లలు దాని కింద నుంచి తలొంచకుండా నడిచిపోతాయి. నేను నేల నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో ఒకటి, 40లో ఒకటి లాగాను. షాకు ముందుగా నేర్పాలన్న ముక్క కూడా పుస్తకంలో లేదు. షాకు తెలియని పంది వెనక్కి తగ్గదు, అరుచుకుంటూ ముందుకే దూకి వైరుతో సహా పోతుంది. అందుకని చెక్క దొడ్డి లోపల, పలకలకి ముందు వైరు కట్టి వారం ఉంచాను. అన్నిటికన్నా పెద్దది వచ్చి తడి ముట్టె ఆనించింది. కెవ్వుమన్న కేక విని మిగతా ఐదూ ఏమైందో చూద్దామని వచ్చి ఒక్కొక్కటే ముట్టె పెట్టాయి. సాయంత్రానికల్లా ఆరు పిల్లలకీ పాఠం అయిపోయింది.

రోజూ చేయక తప్పని పని ఒకటుంది. కంచె వెంబడి తవ్వుతూ మట్టంతా కింది వైరు మీదకి తోస్తాయి. మట్టి తగిలిందా, కరెంటు నేలలోకి పోతుంది, వోల్టేజీ 1500కి పడిపోతుంది. పొద్దున్నే పార పట్టుకుని చుట్టూ తిరగాల్సిందే. ఎండలకి నేల ఆరితే ఎర్త్ కూడా సరిగా పట్టదు, షాకు తగ్గిపోతుంది. రాడ్డు పీకి నీళ్ల తొట్టి పొర్లే చోట పాతాక ఆ టెన్షన్ పోయింది.

గుంజలు మాత్రం నాసిరకం. నాలుగు నెలలకే కొక్కేలు పుటుక్కున విరిగాయి. అమ్మినాయన్ని అడిగితే పందులు కొరికాయన్నాడు. షాకు కొట్టే వైరు పక్కన ముట్టె పెట్టి ఏ పంది కొరుకుతుందండీ? మిషన్‌కి ఐదుకి నాలుగున్నర, గుంజలకి ఒకటి.

ఇంకో మాట. పందుల్ని పక్క నేల ముక్కలోకి మార్చాల్సిన రోజు వైరు పూర్తిగా తీసేసి దాణా బకెట్ చూపించినా ఒక్కటీ ఆ గీత దాటలేదు. రెండు గంటలు బతిమాలాను. ఇప్పుడు ఆ చోట వైరు తీసేసి చెక్క గేటు పెట్టాను, గేటు తెరిస్తే మాత్రం పరిగెత్తుకొస్తాయి.