సెట్టా, రన్నా?

ఇంగ్లీషులో ఎక్కువ అర్థాలున్న మాట ఏదంటే చాలాకాలం ‘సెట్’ పేరే చెప్పేవారు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు రెండో కూర్పు ఈ ఒక్క క్రియకే 430 అర్థాలిచ్చింది. తర్వాతి కూర్పు కోసం ‘రన్’ను తిరగరాస్తే 645 తేలాయి.

లెక్కలో గెలుపు రన్‌దే. కానీ అది మనల్ని పెద్దగా తికమక పెట్టదు. నది పారినా, ముక్కు కారినా, ఉతికితే రంగు దిగినా, మిషన్ నడిచినా ఇంగ్లీషువాళ్లకు అన్నీ రన్నే, వాటి వెనక కదలిక ఒకటుంటుంది. మనకు వ్యాపారం నడుస్తుంది, వాళ్లకు పరుగెత్తుతుంది, అంతే తేడా. ఎన్నికల్లో మాత్రం అమెరికన్లు ‘రన్’ అంటారు, బ్రిటిష్‌వాళ్లు ‘స్టాండ్’ అంటారు. మనమూ నిలబడేవాళ్లమే!

అసలు తలనొప్పి సెట్‌తోనే. సూర్యుడు సెట్ అయితే అస్తమించినట్టు, సిమెంట్ సెట్ అయితే గట్టిపడినట్టు. డాక్టరు ఎముకను సెట్ చేస్తే, విరిగిన ముక్కలను సరిగ్గా కలిపినట్టు. పైగా కప్పుల సెట్‌లోని ‘సెట్’ పుట్టుకే వేరు, అది పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. భూతకాలంలోనూ సెట్ సెట్టే. ‘దే సెట్ ద టేబుల్’ అంటే రోజూ సర్దుతారనా, నిన్న సర్దారనా? ముందూ వెనకా చూడందే తేలదు.

ఇది చాలదన్నట్టు మనమూ ఒకటి కలిపాం. ‘ఆ చొక్కా నీకు సెట్ కాలేదు’ అనేస్తాం. ఇంగ్లీషువాళ్లు అక్కడ వాడేది ‘సూట్’.